కొంగుముడితో మొదటి మజిలీ

మా తుని వైపు కొత్త జంట మొదటి ప్రయాణం ఎక్కడికని ఎవరూ అడగరు. అన్నవరమే. పెళ్లయిన మూడో రోజునో, పదహారు రోజుల పండగ లోపునో కొంగుముడితో రత్నగిరి మెట్లెక్కిస్తారు. సత్యనారాయణ వ్రతం చేయించి, గోధుమనూక ప్రసాదం ఆకుపొట్లాలు చేతికిచ్చి కిందికి దించుతారు. వ్యాను నిండా చుట్టాలుంటారు. ఆ రోజంతటిలో పెళ్లికొడుకు, పెళ్లికూతురు నాలుగు మాటలు మాట్లాడుకోగలిగేది మెట్ల మీదే, అదీ వెనకవాళ్లు ఆయాసంతో ఆగినప్పుడు.

ఇప్పటి పిల్లలకు ఆ వ్రతం అయ్యాకే అసలు ప్రయాణం మొదలవుతోంది. మా చెల్లెలి మనవరాలికి వచ్చే మాఘంలో పెళ్లి. మొన్న వచ్చి, "తాతయ్యా, మేమిద్దరమే కారులో మారేడుమిల్లి వైపు వెళ్దామనుకుంటున్నాం. పెద్ద రిసార్టు వద్దు. నాలుగైదు గదులున్న చిన్న చోటు కావాలి, కానీ ముసలైపోయాక కూడా గుర్తుండాలి. ఎలా వెతుక్కోవాలో చెప్పు" అంది. నన్నే అడగడానికి కారణముంది. మా నాన్న ట్రంకు రోడ్డు మీద ఒక ముసాఫరు బంగళాకి వాచ్‌మన్. అక్కడ వంట కూడా ఆయనదే. బంగళా వెనక, వంటపాకని ఆనుకుని ఉన్న ఒంటిగదిలో నేను పెరిగాను. తర్వాత హైస్కూల్లో సోషల్ చెప్పాను. దారిన పోయేవాళ్లు రాత్రికి ఎక్కడ తల దాచుకున్నారన్న సంగతి నాకు పుస్తకాల్లో కన్నా ముందే తెలుసు. ఏ గది తీసుకోవాలో ఆ పిల్లకి చెప్పాలంటే, ఈ రోడ్డు మీద ఇన్నాళ్లూ ఎవరికి గది దొరికిందో, ఎవరికి దొరకలేదో ముందు చెప్పాలనిపించింది.

మద్రాసు నుంచి కలకత్తా పోయే బాట మీద తుని ఒక మజిలీ. ఇటు గోదావరి జిల్లా అయిపోయేది, తాండవ ఏరు దాటితే పాయకరావుపేట, విశాఖ జిల్లా. (2022లో జిల్లాలు మారాక ఇటు కాకినాడ, అటు అనకాపల్లి.) కాశీకి పోయేవాళ్లు, రామేశ్వరం పోయేవాళ్లు, ఉప్పు బళ్లవాళ్లు, కంపెనీ సిపాయిలు అందరూ ఈ బాటనే నడిచారు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసులో బయల్దేరి, కాశీ చూసుకుని, ఈ కోస్తా బాటన దిగివచ్చి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. ఆయన కాశీయాత్ర చరిత్ర చదివితే దారిలో మనిషికి కావలసినవేవో తెలుస్తుంది. ఊరు వచ్చిందంటే చాలు, నీళ్లు మంచివా, అంగళ్లున్నాయా, దిగడానికి సత్రముందా అనే చూస్తారు. అప్పటికి బస అంటే ఆ మూడే.

సత్రాలు జమీందార్లు, రాణులు, వర్తకులు కట్టించినవి. మా దగ్గర్లో కత్తిపూడిలోనూ, అటు పెద్దాపురంలోనూ ఉన్న సత్రాలు పెద్దాపురం సంస్థానపు రాణి బుచ్చి సీతాయమ్మగారి ధర్మం. కోనసీమలో లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి ఇల్లయితే పేరుకు సత్రం కాదు గానీ ఏ సత్రమూ దానికి సాటిరాదు. 1841లో పుట్టి 1909లో పోయిన ఆ తల్లి, గోదావరి పాయలు దాటి ఏ వేళప్పుడు వచ్చినవాళ్లకైనా లేచి వండి వడ్డించింది. కులం అడగలేదు. ఆ మాట ఎందుకు చెప్పాలంటే, చాలా సత్రాలు అడిగాయి. ఒక పంక్తికి లోపల అన్నం, ఇంకో పంక్తికి బయట బియ్యం, మరికొందరికి చెట్టు కింద చోటు. ధర్మమని చెక్కిన రాతి వెనక ఈ సంగతి కూడా ఉంది. దాన్ని దాచి సత్రాల గొప్ప చెప్పడం నాకు ఇష్టం లేదు.

మరి కొత్త జంటలు? వాళ్లు జంటగా ఆ దారిన నడవనే లేదు. మా అమ్మమ్మకి తొమ్మిదో ఏట పెళ్లయింది, కాపురానికి పంపింది పద్నాలుగో ఏట. పెళ్లికీ కాపురానికీ మధ్య అయిదేళ్లు పుట్టింట్లోనే గడిచాయి. అప్పటి లెక్కలో అది మామూలే. పాయకరావుపేట నుంచి పిఠాపురం వైపు అత్తవారి ఊరికి సవారీ బండిలో వెళ్లింది. పక్కన తోడుగా మేనత్త, ముందు బండిలో సారె, కావిళ్లు మోసేవాళ్లు నడిచి. రాత్రికి కత్తిపూడి సత్రంలో దిగారు. ఆడవాళ్లు లోపలి పడసాలలో, మగవాళ్లు వీధి అరుగు మీద. మొగుడు అదే సత్రంలో నిద్రపోయాడని తనకి పొద్దున్న బండి కట్టేటప్పుడు తెలిసిందట. ఈ సంగతి అమ్మమ్మ నాకు బాధగా చెప్పలేదు, అందరి ప్రయాణం అలాగే ఉండేది కనుక. 1929లో శారదా చట్టం చేసి, 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు పెట్టాక ఆడపిల్లకి పద్నాలుగు, మగవాడికి పద్దెనిమిది అన్న హద్దు వచ్చింది. చట్టం వచ్చినంత మాత్రాన ఊళ్లు వెంటనే మారలేదు. కానీ పెళ్లినాడే ఇద్దరూ ఎదిగినవాళ్లయి ఉండటం, పెళ్లయిన వారానికే ఒకే గడపలో ఉండటం మెల్లగా మామూలైంది. ఇద్దరే కలిసి ఎక్కడికైనా వెళ్లాలన్న కోరిక పుట్టాలంటే ముందు అది జరగాలి.

అయినా చాలాకాలం ఆ కోరికకి ఇంటి బయట చోటు లేదు. శోభనం అమ్మాయి ఇంట్లో, అల్లుడి మూడు నిద్రలు అత్తవారింట్లో, తర్వాత అబ్బాయి ఇంట్లో గృహప్రవేశం. ఆషాఢం వస్తే పిల్ల మళ్లీ పుట్టింటికి. సంక్రాంతికి అల్లుడు పండక్కి. ఎటు తిరిగినా ఎవరో ఒకరి అమ్మానాన్నల కప్పు కిందే. తలుపు వేసుకున్నా అవతల పడసాలలో పదిమంది దగ్గుతుంటారు.

అందుకే అన్నవరాన్ని నేను వేరుగా చూస్తాను. రత్నగిరి మీద స్వామిని ప్రతిష్ఠించింది 1891 శ్రావణంలో. గోర్స-కిర్లంపూడి జమీందారు ఇనుగంటి వెంకట రామరాయణింగారు, ఈరంకి ప్రకాశంగారు దానికి పూనుకున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఈస్ట్ కోస్ట్ రైలు వేస్తున్నారు. బెజవాడ నుంచి కటక్ దాకా 1893, 1896 మధ్య ముక్కముక్కలుగా తెరిచారు. గోదావరి మీద మాత్రం వంతెన 1900లో గానీ పూర్తి కాలేదు. అంతదాకా ఏరు పడవల మీద దాటి అవతల మళ్లీ రైలెక్కాలి. కొత్త గుడి, కొత్త రైలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని పెరిగాయి. బండి కట్టుకుని రెండు రోజులు పోవలసిన చోటికి తెల్లారి ఎక్కితే పొద్దెక్కేసరికి చేరుకోవచ్చు. వ్రతమేమో మామూలుగా దంపతులు పక్కపక్కన కూర్చుని చేసేది. తిరుపతి మొక్కు ఇంటిల్లిపాదిదీ, అన్నవరం వ్రతం జంటది. అలా అత్తవారిల్లు, పుట్టిల్లు రెండూ కాని చోట కొత్త జంట రాత్రి గడపడం మా ప్రాంతంలో మొదట అన్నవరం సత్రాల్లోనే జరిగిందని నా లెక్క. ఒకటే పెద్ద గది, వరసగా చాపలు, చంటిపిల్లల ఏడుపు. కానీ ఇల్లు కాదు. అదే పెద్ద మార్పు.

రాత్రికి మజిలీ, మజిలీకి ఒక కథ. రాజమండ్రిలో బతికిన మధిర సుబ్బన్న దీక్షితులుగారు ఆ పద్ధతి మీదే కాశీమజిలీ కథల సంపుటాలన్నీ నడిపారు. అందులో కాశీకి పోయే యతికి గొల్లపిల్లవాడు తోడు రావడానికి ఒప్పుకున్నది రోజూ ఒక కథ చెబుతానని యతి ఇచ్చిన మాట మీదే. బస గుర్తుండాలంటే అక్కడ మనతో మాట్లాడే మనిషి ఉండాలని ఆయనకి తెలుసు.

ఇక బంగళా. పందొమ్మిదో శతాబ్దంలో ట్రంకు రోడ్డుకి కంకర పరిచి బాగుచేశాక, దొరలు తనిఖీలకు తిరగడానికి గుర్రం మీద ఒక పూట ప్రయాణానికొకటి చొప్పున ఈ బంగళాలు లేచాయి. 1884 లోకల్ బోర్డుల చట్టం తర్వాత వాటిలో చాలావాటి పోషణ బోర్డుల చేతికి వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక రోడ్లు భవనాల శాఖ, జిల్లా పరిషత్తు, నీటిపారుదల శాఖ పంచుకున్నాయి. మా బంగళా రెండు గదులది. ఎత్తు కప్పు, మంగుళూరు పెంకులు, చుట్టూ నాలుగు మూరల వరండా. గదిలో పంకా లాగిన కొక్కేలు దూలానికి అలాగే ఉండేవి, నేను పుట్టేనాటికి పంకా లేదు. చేతులు బారుగా సాగిన పడక కుర్చీ ఒకటి, దోమతెర కర్రలున్న మంచాలు, పింగాణీ సామాను పెట్టే జాలీ బీరువా. స్నానాల గదికి వెనక నుంచి ఇంకో చిన్న తలుపు ఉండేది. పాకీపని చేసే మనిషి దొరల కళ్లపడకుండా వచ్చిపోవడానికి పెట్టిన తలుపది. ఆ తలుపు గుండా రోజూ వచ్చిన ఆవిడ నన్ను ఎత్తుకుని పెంచింది. ముందు గుమ్మంలో నుంచి ఆవిడ ఏనాడూ లోపలికి రాలేదు.

మధ్యాహ్నం కబురొస్తే సాయంత్రానికి గది సిద్ధం కావాలి. నాన్న లాంతరు చిమ్నీలు ముగ్గుపిండితో తోమేవారు. పెట్రోమాక్సు వెలిగించేటప్పుడు మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవారు కాదు. కోడికూర ఆయనే వండేవారు, ధనియాలు అప్పటికప్పుడు వేయించి అమ్మ నూరేది. దొరల కాలం నాటి సూపు ఒకటి కూడా నేర్చుకున్నారు గానీ మన అధికారులు దాన్ని అడగలేదు, చారు అడిగారు. వరండాలో బల్ల మీద రిజిస్టరు. పేరు, హోదా, ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఎన్ని గంటలకి, కట్టిన అద్దె. హోదా గడి ఖాళీగా ఉండకూడదు. డ్యూటీ మీద వచ్చిన అధికారికి మొదటి హక్కు. మామూలు ప్రయాణికుడికి గది ఇచ్చినా, అధికారి దిగితే ఖాళీ చేయాలి. గోడకి తగిలించిన అట్ట మీద రాసి ఉండేది.

ఒక వానాకాలం రాత్రి విశాఖ నుంచి కాకినాడ వెళ్తున్న ఒక జంట వచ్చారు. ఫియట్ కారులో నీళ్లు దూరి ఆగిపోయింది. అబ్బాయి ఏదో ఆఫీసులో గుమాస్తా, కారు స్నేహితుడిది. అమ్మాయి కాళ్ల పారాణి ఇంకా పోలేదు. నాన్న హోదా గడిలో "గుమాస్తా" అనే రాసి గది తెరిచారు. అన్నం తిని పడుకున్న గంటకి జీపు వచ్చింది. పైనుంచి కిందదాకా వాన, జీపులో పెద్ద అధికారి, రెండో గదిలో అప్పటికే ఇంకొకరు. చట్టం చట్టమే. ఆ పిల్లాడు తడిసిన పెట్టె మళ్లీ సర్దుకుంటుంటే నాన్న ఏమీ అనకుండా మా గదిలో మంచం దులిపి, కొత్త దుప్పటి పరిచి, లాంతరు చిన్నది చేసి పెట్టారు. మేము వంటపాకలో పొయ్యి పక్కన పడుకున్నాం. పొద్దున్నే ఆ అమ్మాయి మా అమ్మ దగ్గర పీట వేసుకుని పెసరట్లు తింది. "పెళ్లయ్యాక ఎవరి ఎదుటా సిగ్గుపడకుండా కడుపునిండా తిన్నది ఇదే పిన్నిగారూ" అంది. అమ్మ ఆ మాట చాలాసార్లు చెప్పుకుంది. ఎదిగాక నాకు అర్థమైందేమిటంటే, అత్తగారూ అమ్మా ఇద్దరూ లేని వంటింట్లో ఒక ఆడపిల్ల మొదటిసారి కూర్చున్న పొద్దు అది.

బస్సులు వచ్చాక బంగళాల పని తగ్గింది. 1958లో ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఏర్పడింది. బస్టాండు ఉన్న ప్రతి ఊళ్లోనూ దానికి ఎదురుగా లాడ్జీలు లేచాయి. హోదా అక్కర్లేదు, కులం అక్కర్లేదు, డబ్బు కట్టినవాడికి తాళంచెవి. ఇది చిన్న సంగతి కాదు. సత్రం గుమ్మంలో ఆగిపోయినవాళ్లకి, బంగళా రిజిస్టరు ఎక్కనివాళ్లకి లాడ్జి గది తెరిచింది. అయితే జంటగా వెళ్తే మాత్రం కౌంటరులో మనిషి మెడలో తాళి వైపు చూసేవాడు. మా ఊళ్లో కొత్తగా పెళ్లయినవాళ్లు ఎక్కడికైనా వెళ్తుంటే పెద్దవాళ్లు సంచిలో శుభలేఖ పెట్టి పంపేవారు. పసుపు అంచుల ఆ కాగితాన్ని లాడ్జివాడికి చూపించాల్సి రావడం ఎంత అవమానమో అనుభవించినవాళ్లు నాకు తెలుసు. అలాంటి ప్రశ్న అడిగే చోటికి ఈనాటికీ ఏ జంటా వెళ్లకూడదనే నా మాట.

కారు కొన్నవాళ్లు మా వైపు ఇంకొక పని చేస్తారు. తునికి దగ్గర్లో లోవ తలుపులమ్మ తల్లి ఉంది. కొత్త బండి ఏదైనా ముందు ఆ లోవలోకి తీసుకెళ్లి, నిమ్మకాయలు తొక్కించి, అమ్మవారికి చూపించి గానీ దూరం తిప్పరు. ట్రంకు రోడ్డు లారీల మీద ఆ తల్లి పేరు ఎంత దూరం పోయిందో ఆ రోడ్డున తిరిగేవాళ్లందరికీ తెలుసు. కొండల మధ్య, నీడలో, కుటుంబాలు పొయ్యిలు పెట్టుకుని మాంసం వండుకుని తిని సాయంత్రానికి దిగుతాయి. అన్నవరంలో వ్రతం, లోవలో బండిపూజ. ఇప్పటి కొత్త జంట ప్రయాణం ఈ రెండింటి మధ్య నుంచే మొదలవుతోంది.

అయిదో నంబరు జాతీయ రహదారి నాలుగు వరుసలైంది, 2010లో నంబరు మారి పదహారైంది. దాని మీద వెళ్తే ఎక్కడా దిగాలనిపించదు. అందుకే దాని పక్కన బస వెతుక్కోవద్దని మా పిల్లకి మొదట చెప్పాను. రాత్రంతా లారీలు. తుని నుంచి కారులో పోవడానికి మంచి దారులు మూడున్నాయి. నర్సీపట్నం మీదుగా చింతపల్లి, లంబసింగి ఒకటి. రాజమండ్రి దాటి రావులపాలెం మీదుగా కోనసీమలో దిండి ఒకటి. రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి ఒకటి. మాఘంలో లంబసింగికి జనం మంచు చూడటానికి వస్తారు, తెల్లవారుజామున రోడ్డు మీద కార్లే కనిపిస్తాయి. దిండిలో నీళ్లు, కొబ్బరిచెట్లు, పర్యాటక శాఖ రిసార్టు, పడవ ఇళ్లు. బాగుంటుంది. కానీ అది కూడా కూడిన జనం మధ్యే. ఆ పిల్ల మనసు మారేడుమిల్లి మీదే ఉంది. నాదీ అదే.

అక్కడ గది చూసుకునేటప్పుడు ఫోటోలు చూడొద్దన్నాను. ఫోను చేసి మాట్లాడమన్నాను. రాత్రి వంట ఎవరు చేస్తారు, ఆ మనిషి రాత్రికి అక్కడే ఉంటారా అని అడగాలి. వంట బయటి నుంచి తెప్పిస్తామంటే వదిలెయ్యాలి. ఒక గది గోడకి ఇంకో గది ఆనుకుని ఉందా అడగాలి. సత్రంలో మా అమ్మమ్మకి లేనిది ఆ ఏకాంతమే. ఆధార్ కార్డు చూపించడం మామూలు, అంతకు మించి పెళ్లి గురించి ఒక్క ప్రశ్న వేసినా ఫోను పెట్టెయ్యాలి. మనం దిగాక ఇంకెవరైనా పెద్దవాళ్లు వస్తే గది మార్చమంటారా అని కూడా అడగమన్నాను. ఆ పిల్ల ఆశ్చర్యపోయింది. ఫియట్ కారు జంట సంగతి అప్పుడు చెప్పాను.

అన్నిటికన్నా ముఖ్యంగా ఆ స్థలం ఎవరిదో అడగాలి. మారేడుమిల్లి ఏజెన్సీ, అంటే గిరిజన ప్రాంతం. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనను 1970లో సవరించాక, అంటే మనవాళ్లు వన్ ఆఫ్ సెవెంటీ అనే చట్టం వచ్చాక, అక్కడ భూమి గిరిజనులు గిరిజనులకు తప్ప ఇంకెవరికీ అమ్మడానికి లేదు, గిరిజనేతరులు కొనడానికి లేదు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఆ రక్షణని ఇంకా గట్టిపరిచింది. అయినా బినామీ పేర్లతో గదులు లేస్తూనే ఉన్నాయి. మన సంతోషానికి కట్టే డబ్బు ఎవరి భూమినో లాక్కున్నవాడి జేబులోకి పోకూడదు. అటవీ శాఖతో కలిసి వన సంరక్షణ సమితులు నడుపుతున్న గదులు మారేడుమిల్లిలోనూ, వలమూరు దగ్గర గుడారాలతోనూ ఉన్నాయి. వాటిలో పనిచేసేది చుట్టుపక్కల కొండరెడ్ల కుటుంబాలవాళ్లు. పక్కబట్టలు రిసార్టులో అంత తెల్లగా ఉండవు. వేడినీళ్లు బకెట్టులో తెస్తారు. వెదురు బొంగులో కోడిమాంసం నిప్పుల మీద కాలుతుంటే పక్కనే కూర్చోనిస్తారు, ఏ వెదురు పనికొస్తుందో, ఎంత లేతగా ఉండాలో అడిగితే చెబుతారు. మా నాన్న బతికుంటే ఆ మనిషి పక్కన కూర్చుని రాత్రంతా మాట్లాడేవారు.

పిల్ల అన్నీ రాసుకుంది. పెళ్లికొడుకుని కూడా ఒకసారి పంపమన్నాను, డ్రైవింగ్ చేసేది అతను కనుక. అతనికి చెప్పవలసింది వేరే ఉంది. అన్నవరం నుంచి మధ్యాహ్నం బయల్దేరితే రాజమండ్రిలోనే రాత్రి ఆగాలి, ఆ వేళ ముందుకి పోకూడదు. పెట్రోలు అక్కడే నింపుకోవాలి. మర్నాడు పొద్దున్నే కదిలితే రంపచోడవరం దాటి చీకటి పడకుండానే మారేడుమిల్లి చేరొచ్చు. ఘాట్ చూడాలనుకుంటే ఊరు దాటి చింతూరు వైపు మధ్యాహ్నం లోపు వెళ్లి రావాలి. మలుపుల్లో హారను కొట్టాలి, లారీకి దారివ్వాలి, పశువులు అడ్డమొస్తే అవి పోయేదాకా ఆగాలి. వెళ్లేటప్పుడు తుని తమలపాకుల కట్ట ఒకటి తడిగుడ్డలో చుట్టి పట్టుకెళ్లమన్నాను, వంట చేసిన ఇంటివాళ్లకి ఇవ్వడానికి.